చిన్న బొమ్మలో అంతా స్పష్టమే

తార్నాక,
నవంబరు 9.

చెల్లె శైలజకు,

ఈ పెట్టెలో రెండు డిస్కులున్నాయి. నీలం స్టిక్కరు ఉన్నదాంట్లో సెప్టెంబరు, అక్టోబరు షాట్లు. రెండోదాంట్లో మొన్న శుక్రవారం దాకా తీసినవి. ఆర్టీసీ కార్గోలో వేస్తే రేపు మధ్యాహ్నానికి హనుమకొండ చేరుతుందన్నారు. నెట్‌లో పంపమని అడగకు, ఒక్కో చెట్టు నలభై జీబీ తూగుతోంది. ఏ షాటు ఎక్కడుందో ఫోన్లో చెబితే ఇద్దరమూ మరిచిపోతాం. అందుకే విద్యానగర్ గదిలో మనం కలిసి పనిచేసినప్పటిలాగే డిస్కుతోపాటు కాగితం పెడుతున్నాను.

పని ఏమిటో నీకు వివరంగా చెప్పనే లేదు. యూనివర్సిటీలో బోటనీ ప్రొఫెసరు అరుంధతి మేడం ఏప్రిల్ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ముప్పై ఏళ్లుగా బౌద్ధనగర్ నుంచి వచ్చి ఈ క్యాంపస్ చెట్ల కిందే పిల్లలకు పాఠం చెప్పారు. వాటిలో పదకొండు చెట్లను డ్రోనుతో పైనుంచి తీయాలి. ప్రతి నెలా అదే ఎత్తు, అదే కోణం. ఆకు రాలడం, మోడు కావడం, చిగురు, పూత అన్నీ రావాలి. “ఒక్క నెల తప్పినా మళ్ళీ ఏడాదికి గానీ రాదండీ సమ్మయ్యగారూ. అప్పటికి నాకు ఈ గేటు లోపల పనుండదు” అన్నారు. పెద్ద తెర మీద సెమినార్ హాల్లో వేస్తారు. కూర్పు పని నీదే అని చెప్పాను.

మీ వదిన భూదేవి బాగుంది. నేనూ బాగానే ఉన్నాను. కొంచెం అలసట. షుగరు ఉన్నవాడికి నలభై ఎనిమిదేళ్లకు ఆ మాత్రం ఉంటుంది.

నీ అన్న,
సమ్మయ్య


హనుమకొండ,
నవంబరు 17.

సమ్మన్నా,

డిస్కులు భద్రంగా చేరాయి. నా కంప్యూటరు సంగతి తెలిసిందే కదా. చింతచెట్టు షాటు తెరిచి ప్లే నొక్కితే నాలుగు ఆకులు కదిలి ఆగుతుంది. కాసేపటికి మరో నాలుగు ఆకులు. అందుకని అన్నిటికీ ప్రాక్సీలు చేస్తున్నాను. ప్రతి ఫైలుకూ చిన్న సైజు నకలు అన్నమాట. కోతలూ అతుకులూ అన్నీ ఆ నకళ్ళ మీదే చేసుకుంటాను. తేలికైనవి కనుక కంప్యూటరు మొరాయించదు. పని అయ్యాక నకళ్ళ స్థానంలోకి అసలు ఫైళ్ళు వచ్చి కూర్చుంటాయి. మనం చదువుకునేటప్పుడు నువ్వు పెళ్లి షూటింగులకు పోతే, వెనక బెంచీలోంచి గొంతు బొంగురు చేసి నీకు ప్రాక్సీ పలికేదాన్ని గుర్తుందా? ఇదీ అలాంటిదే. పరీక్ష నాడు మాత్రం మనిషే రావాలి.

పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఈ పని. తర్వాత పాలిటెక్నిక్‌లో క్లాసులు. ఇంటికొచ్చేసరికి కుడిచేతి మణికట్టు లాగేస్తూ ఉంటుంది. నకళ్ళు తయారవుతుంటే తెర మీద ఆకుపచ్చ గీత జరుగుతూ ఉంటుంది చూడు, దాన్ని చూస్తూ చాయ్ తాగడమే ఈ మధ్య నాకు దొరికే విశ్రాంతి.

చిన్న బొమ్మలోనైనా నీ షాటు నాకు తెలిసిపోతుంది. గానుగ చెట్టు మీది కొంగ దానంతటది లేచేదాకా ఆగావు. ఇంకొకరైతే బ్యాటరీ అయిపోతోందని దించేసుకునేవారు.

శైలజ


తార్నాక,
డిసెంబరు 14.

చెల్లె శైలజకు,

డిసెంబరు డిస్కు పంపుతున్నాను. పదకొండు చెట్లూ అయ్యాయి. బూరుగ ఆకు రాల్చడం మొదలుపెట్టింది.

ఈ మధ్య భూదేవి కూడా నాతో వస్తోంది. ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏం చేస్తుందిలే అని నేనే రమ్మన్నాను. హబ్సిగూడలో ఇడ్లీ తిని, ఏడింటికల్లా క్యాంపస్ చేరుకుంటాం. హాస్టలు పిల్లలు ఆపి, “అంకుల్, ఆంటీకి డ్రోన్ నేర్పిస్తున్నరా?” అని అడుగుతుంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

జనవరిలో డిపార్ట్‌మెంటు వాళ్లకు పది నిమిషాల నమూనా చూపించాలని మేడం అడిగారు. నువ్వే సరాసరి ఆమెకు పంపెయ్. నేను చూడనక్కర్లేదు. నీ చేతి మీద నాకు నమ్మకం.

ఉత్తరం చిన్నదైంది, ఏమనుకోకు. రాయడం కూడా పనిలాగే ఉంటోంది.

సమ్మయ్య


హనుమకొండ,
జనవరి 12.

సమ్మన్నా,

ఈ సంగతి నా నోటితోనే ముందు నీకు చెప్పాలి. నమూనా పాడైంది. నిన్న మేడం ఫోన్ చేశారు. “అమ్మా, అక్టోబరు ఆకులు లెక్కపెట్టేలా ఉన్నాయి. డిసెంబరు వచ్చేసరికి పెద్ద తెర మీద అంతా పులిసిన పిండిలా ఉంది. హెడ్ గారు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు” అన్నారు. కసరలేదు. కసిరినా బాగుండేది.

తప్పు నాదే అయి ఉంటుంది. చివర్లో కొన్నిచోట్ల అసలు ఫైళ్ళకు బదులు నకళ్ళే వెళ్లిపోయి ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పు. పద్దెనిమిదేళ్ల తర్వాత నేను చేశాను. డిసెంబరువి మొత్తం మళ్ళీ నకళ్ళు చేసి, ఒక్కొక్కదాన్నీ అసలుతో జోడించి చూస్తాను. ఆమె ముందు నీ పేరు పోగొట్టినందుకు సిగ్గుగా ఉంది.

శైలజ


తార్నాక,
జనవరి 20.

చెల్లె శైలజకు,

పరవాలేదు. ఎవరికైనా జరుగుతుంది. నువ్వు సరిచేస్తావని మేడంకు చెప్పాను. జనవరి డిస్కు ఇందులో ఉంది. ఆరోగ్యం చూసుకో.

సమ్మయ్య


హనుమకొండ,
ఫిబ్రవరి 5.

సమ్మన్నా,

పదహారు పొద్దులు పట్టింది. పాత నకళ్ళు చెరిపేసి మళ్ళీ చేశాను. కూర్పంతా మొదటి నుంచి అతికాను. నిన్న పది నిమిషాలూ బయటికి తీసి చూస్తే డిసెంబరు మళ్ళీ అలాగే ఉంది.

అప్పుడు చేశాను మొదటి రోజే చేయాల్సిన పని. నకలూ కూర్పూ పక్కన పెట్టి, నీ డిస్కులో ఉన్న అసలు ఫైలును నిండు సైజులో తెరిచాను. రావి చెట్టు షాటులో ముందున్న వేపకొమ్మ చివరి ఆకులు ఈనెలతో సహా కనిపిస్తున్నాయి. వెనకున్న రావి మొత్తం మసక. ఫోకస్ కొమ్మ మీద ఆగిపోయింది, నువ్వు దాన్ని మార్చలేదు. నవంబరు 28 నుంచి ఇప్పటిదాకా తీసినవాటిలో సగానికి సగం ఇంతే. అరచేయంత నకలులో ఏదైనా స్పష్టంగానే ఉంటుంది కనుక నాకు ఇన్నాళ్లూ తెలియలేదు.

నీకు తెలియలేదా? షాటు తీశాక తెర మీద పెంచి చూసుకోకుండా నువ్వు అక్కణ్ణుంచి కదిలే మనిషివి కాదు. నాకు భయంగా ఉంది. ఏం జరుగుతోందో చెప్పు.

శైలజ


తార్నాక,
ఫిబ్రవరి 9.

శైలజా,

పొద్దుటి మంచు, క్యాంపస్ వెనక రోడ్డు పని దుమ్ము. లెన్సు మీద పొరలా పడుతోంది. ఇరవై రెండేళ్లుగా కెమెరా పట్టినవాడికి ఫోకస్ గురించి పాఠం చెప్పేదాకా వచ్చావా? చేతనైతే ఆ ఫైళ్ళను కొంచెం పదును చెయ్యి, సాఫ్ట్‌వేరులో ఉంటుంది కదా. చేతకాదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాను.

సమ్మయ్య


తార్నాక,
ఫిబ్రవరి 22.

చెల్లె,

ఇది నేనే రాస్తున్నాను. వరుసలు వంకరపోతే సర్దుకుని చదువుకో. డిసెంబరు నుంచి నీకు వచ్చినవన్నీ నేను చెబితే భూదేవి నా రాత చూసి అచ్చం అలాగే రాసినవి. పోయిన ఉత్తరం రాయనంది. బలవంతాన రాయించాను.

నిన్న ఆమెకు జ్వరం. మోదుగ పూత మొదలైంది, మొగ్గ మీద ఉన్నప్పుడే తీయాలని ఒక్కణ్ణే వెళ్లాను. డ్రోన్ ఎక్కించాను. తెర అంచులు నాకు కనిపిస్తాయి. నడిమధ్య మాత్రం నీటిచుక్క పడ్డట్టు చెదిరిపోయి ఉంటుంది. ఎటు చూస్తే అటే జరుగుతుంది ఆ చుక్క. కొమ్మ ఆ చుక్కలో ఉంది. రెక్క తగిలిన చప్పుడు విన్నాకే నాకు కొమ్మ ఉందని తెలిసింది.

డ్రోన్ పడినచోట స్నిగ్ధ కూర్చుని ఉంది. మేడం దగ్గర పరిశోధన చేసే అమ్మాయి, చెట్టు మొదలు కొలిచి రాసుకుంటోంది. నోట్‌బుక్కు మీద పడింది. ఆమె తలకు జానెడు దూరం. రెండు కిలోల బరువు శైలజా, అంత ఎత్తు నుంచి. ఆ పిల్ల లేచి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, “అంకుల్, మీకేం కాలే కదా?” అని అడిగింది. గాలి కొట్టిందని అక్కడ కూడా అబద్ధమే చెప్పి ఇంటికొచ్చాను.

అక్టోబరు చివర మొదలైంది. ఉచిత కంటి శిబిరం పెడితే వెళ్లాను. షుగరు వల్ల కంటి వెనక పొర ఉబ్బిందన్నారు. రెండు కళ్లూనట. కంట్లోకి సూదులు వేయాలి, ఆలస్యం చేస్తే చూపు పోతుందన్నారు. మళ్ళీ ఆ వైపు వెళ్లలేదు. సూదికి భయపడలేదు. కెమెరా సమ్మయ్యకు కళ్లు కనబడవట అని ఒక్కడు ఒక్కడితో అంటే చాలు, ఆ తర్వాత నేను ఎవర్ని? ఇదే ఆలోచన. భూదేవి పక్కన నిలబడి చెప్పేది. “కొంచెం మీదికి పో. గట్ల ఎడమకు రాకు, కొమ్మ ఉన్నది. ఇగ ఆపు.” అలా మూడు నెలలు నెట్టాను. ఆమెకు కొమ్మ కనిపిస్తుంది, ఫోకస్ కనిపించదు. అది చూడాల్సింది నేను.

తప్పు నాదే అని నువ్వు రాసిన ఉత్తరం ఆమే చదివి వినిపించింది. చదివి మడిచి, “గా పిల్లకు చెప్తవా, చెప్పవా?” అంది. చూద్దామన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నువ్వు పదహారు పొద్దులు కష్టపడుతుంటే నేను ఇక్కడ ఊరుకున్నాను. నీ తప్పుగా ఉన్నంతకాలం నా కన్ను బాగున్నట్టే అనిపించింది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

సమ్మయ్య


హనుమకొండ,
మార్చి 2.

సమ్మన్నా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను. మిగతావాటిలో ఓదార్చాను. రెండూ నిజమే, రెండూ చేసే ఓపిక లేదు.

నీ కన్ను గురించి చదివి ఏడ్చాను. ఆ పదహారు పొద్దుల గురించి మాత్రం ఏడుపు రాలేదు. ఉత్త అలసట వచ్చింది. రోజూ క్లాసులో నిలబడి, అంత చిన్న తప్పు చేసినదాన్ని పిల్లలకు ఏం చెబుతానని నాలో నేను కుంగిపోయాను. ఒక్క మాటతో నువ్వు దాన్ని ఆపగలిగి ఉండేవాడివి. ఇది నాకు తొందరగా పోదు. పోయిందని నీతో అబద్ధం చెప్పను.

ఇప్పుడు చెప్పేది విను. రేపే ఆసుపత్రికి వెళ్లు. తర్వాత మేడం దగ్గరికి. ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు. స్నిగ్ధకు కూడా. నీ బదులు నేను చెప్పను, వదినతో చెప్పించకు.

నేనూ ఒకటి దాచాను. జూన్ నుంచి పాలిటెక్నిక్‌లో పూర్తికాలం ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఎడిటింగ్ మానేస్తున్నాను. మణికట్టు ఇక సాగనివ్వడం లేదు. ముందే చెబితే మధ్యలో వదిలేస్తానేమోనని నువ్వు కంగారుపడతావనుకున్నాను. కాబట్టి దాచడం నీ ఒక్కడికే వచ్చనుకోకు. కాకపోతే నేను దాచినది ఎవరి నెత్తి మీదా పడలేదు.

నీ ఫైళ్ళు నా దగ్గరే ఉన్నాయి. ఇంకా వదిలెయ్యలేదు.

శైలజ


తార్నాక,
మార్చి 20.

చెల్లె శైలజకు,

రెండు పనులూ చేశాను. నేను చెబుతుంటే భూదేవి రాస్తోంది, ఈసారి ఆ సంగతి ముందే చెబుతున్నాను.

డాక్టరు పద్మశ్రీ అని చిన్న వయసావిడ. చూసి, “పోయింది మొత్తం తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకుందాం. అక్టోబరులో వస్తే ఇంకో మాట చెప్పేదాన్ని” అంది. రెండు కళ్లకూ మొదటి సూది అయింది. ఏప్రిల్లో రెండోది.

మేడం గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాలేదు. చివర్లో, “ఎన్నాళ్ల నుంచండీ?” అన్నారు. చెప్పాను. “నా డిసెంబరు పోయింది. కోపం రాకుండా ఎలా ఉంటుందండీ? మా పిల్లకు ఏమన్నా అయ్యుంటే నేను వాళ్లమ్మకు ఏం చెప్పేదాన్ని?” అన్నారు. నేను తల దించుకున్నాను. “ఇకమీదట ఈ ఆవరణలో మీరు ఎగరేయొద్దు” అన్నారు. సరేనన్నాను. లేచి గుమ్మం దాకా వచ్చేసరికి, “ఇవాళ ఎలా వచ్చారు?” అని అడిగారు. నడిచి వచ్చానన్నాను. స్నిగ్ధను పిలిచి, బండి మీద తార్నాకలో దింపి రమ్మన్నారు.

ఆ పిల్లకు డ్రోన్ శిక్షణ సర్టిఫికెట్టు ఉంది, పొలాల సర్వే కోసం నేర్చుకుందట. మార్చి షాట్లు డిపార్ట్‌మెంటు డ్రోనుతో ఆమే తీసింది. నన్ను పక్కన కూర్చోమంది. ఎక్కడ ఆగాలో, గాలి ఎప్పుడు నెమ్మదిస్తుందో చెబుతూ కూర్చున్నాను. ప్రతి షాటూ పెంచి చూసుకుంది. ఆ డిస్కు ఇదే. డ్రోన్ కూలకముందు నేను తీసిన ఫిబ్రవరి షాట్లు కూడా ఇందులోనే ఉన్నాయి.

సమ్మయ్య


హనుమకొండ,
ఏప్రిల్ 15.

సమ్మన్నా,

సినిమా పూర్తయింది. డిస్కు మేడం పేరు మీద పంపాను.

డిసెంబరును ఎలా నిలబెట్టానో చెబుతాను. పదును చేయడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ఫోకస్ లేనిచోట లేని ఆకును ఎవరు తెస్తారు? కానీ నకళ్ళలో అవి ఎందుకు బాగున్నాయి? చిన్నవి కనుక. ఆ సంగతే మనల్ని ముంచింది, దాన్నే పనికి పెట్టాను. తెరను నాలుగు గళ్లు చేసి, ఒకే చెట్టు నాలుగు నెలలనూ పక్కపక్కన పెట్టాను. నాలుగో వంతుకు కుదిస్తే మసక చాలావరకు అణిగిపోయింది. స్పష్టంగా ఉన్న నెలలను నిండు తెర మీద ఉంచాను. ఎందుకిలా చేశానో మేడంకు ఫోన్లో దాచకుండా చెప్పాను.

జనవరి బూరుగ మాత్రం ఎంత కుదించినా నిలవలేదు. అదొక్కటీ లేదని చెప్పాను. మేడం, “దాని బదులు ఇంకో నెల పెట్టకమ్మా. ఆ గడి ఖాళీగానే ఉంచు, నెల పేరు రాసి” అన్నారు. అలాగే ఉంచాను.

ఇది నా చివరి సినిమా. బాగుందో లేదో తెలియదు. అబద్ధమైతే లేదు.

నీ రెండో సూది ఎప్పుడు?

శైలజ


తార్నాక,
ఏప్రిల్ 29.

చెల్లె శైలజకు,

నిన్న సెమినార్ హాలు నిండింది. భూదేవీ నేనూ మూడో వరుసలో కూర్చున్నాం. గళ్లు కనిపిస్తున్నాయి, గళ్లలోని చెట్లు రంగులుగా తెలుస్తున్నాయి. చింత, గానుగ, రావి వరసగా వెళ్లాయి. తర్వాత బూరుగ వచ్చింది. మూడు గళ్లలో చెట్టు, ఒకదాంట్లో నలుపు. ఎవరో కుర్రాడు అడిగాడు, “మేడం, జనవరి ఏమైంది?” అని.

“ఆ నెల మాకు దొరకలేదు” అన్నారు మేడం.

నేను లేచాను. లేవాలని అనుకుని వెళ్లలేదు. “కెమెరామన్‌ను నేనే. నా చూపు బాగాలేదు. ఆ సంగతి చెప్పకుండా తీసిన. అందుకే దొరకలేదు” అన్నాను. మేడం, “కూర్చోండి సమ్మయ్యగారూ. మోదుగ వస్తోంది” అన్నారు. స్నిగ్ధ తీసిన మోదుగ. తెరంతా ఎర్రబారింది, అది మాత్రం నాకు బాగా కనిపించింది.

చివర్లో నీ పేరు పడినప్పుడు భూదేవి చప్పట్లు కొట్టింది. డిపార్ట్‌మెంటు వాళ్లు నన్ను పిల్లలకు షాటు తీయడం నేర్పడానికి వారానికి రెండు రోజులు రమ్మంటున్నారు. ఇంకా ఏ మాటా చెప్పలేదు. నీకు నా మీద కోపం తగ్గిందో లేదో అడగను. తగ్గినప్పుడు నువ్వే రాస్తావు.

ఇవాళ పొద్దున రెండో సూది. దానికి ముందు అక్షరాల పలక చదివించారు. మొదటి వరుస చదివాను. రెండోది చదివాను. మూడోది తడుముకుంటూ చదివాను. నాలుగో దగ్గర ఆగిపోయాను. వెనక కుర్చీలోంచి భూదేవి, మూడు నెలల అలవాటు కదా, మొదటి అక్షరం మెల్లగా అందించింది. వద్దని చెయ్యి ఊపాను.

“కనిపిస్తలేదు డాక్టరమ్మా” అన్నాను.

ఆమె కాగితం మీద ఏదో రాసుకుని, “సరే. ఇవాళ్టికి మూడు” అంది.

నీ అన్న,
సమ్మయ్య